చెల్లిని బట్టల ఫ్యాక్టరీకి అప్రెంటిస్‌గా పంపే ముందు: గుణుపురం తమ్ముడికి నా జవాబు

నువ్వు అక్కా అని పిలిచి అడిగావు కాబట్టి నేనూ తమ్ముడూ అనే రాస్తున్నాను. నీ ప్రశ్న చదవని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మీది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. చెల్లెలికి పద్దెనిమిది నిండాయి, ప్లస్ టూ పాసైంది. ఊళ్లోకి వచ్చిన శిక్షణ కేంద్రం మనిషి, మూడు నెలలు కుట్టు మిషన్ నేర్పించి తర్వాత తమిళనాడులో తిరుపూర్ వైపు బట్టల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా పెట్టిస్తామన్నాడు. అమ్మ వద్దని ఏడుస్తోంది, నాన్న పంపేద్దామంటున్నాడు, చెల్లెలు వెళ్తానంటోంది. అక్కడ ఆడపిల్లలు రోజూ ఎలా ఉంటారు, చివరికి చేతికి ఏం మిగులుతుంది, పంపొచ్చా అని అడిగావు.

నేను అలాంటి ఫ్యాక్టరీల్లో మిషన్ మీద కూర్చున్నదాన్ని, తర్వాత ఒక మిషన్ల లైన్‌ని చూసుకున్నదాన్ని. ఇప్పుడు రాయగడలో మన వైపు పిల్లలకే కుట్టు నేర్పుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చెల్లెలికి ఇష్టమైతే పంపు. కానీ ఆ పిల్ల పని నేర్చుకోవడానికి వెళ్తోందా, తక్కువ డబ్బుకి పని చేయించుకోవడానికి తీసుకెళ్తున్నారా అనేది తేల్చుకున్నాకే రైలెక్కించు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అదే యూనిఫాం, అదే హాస్టల్, మెడలో అదే ఐడీ కార్డు. తేడా కొంత కాగితాల్లో ఉంటుంది, కొంత మిషన్ దగ్గర ఉంటుంది, కొంత మన ఇంట్లోనే ఉంటుంది.

ముందు ఆ శిక్షణ సంగతి. పల్లెల్లోని పేద కుటుంబాల పిల్లల కోసం కేంద్రం 2014 సెప్టెంబర్ 25న దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన మొదలుపెట్టింది. ఒడిశాలో దాన్ని ఓర్మాస్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది. వయసు 15 నుంచి 35, ఆడవాళ్లకైతే 45 దాకా. శిక్షణకి మనం ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. మీ ఊరికి వచ్చిన మనిషి ఈ పథకం తరఫునే వచ్చాడో లేదో బ్లాక్ ఆఫీసులో కనుక్కో. సీటుకి ఇంత, ఫారానికి ఇంత అని ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం అక్కడితో మాట ఆపెయ్.

శిక్షణలో మొదటి రోజుల్లో మేం మిషన్‌కి దారం ఎక్కించం. తెల్ల కాగితం మీద గీతలు గీసి ఇస్తాం. మొదట నిలువు గీతలు, తర్వాత వంకరటింకర గీతలు, తర్వాత చతురస్రం, ఆఖర్న లోపలికి చుట్టుకుపోయే గుండ్రం. దారం లేని సూది ఆ గీతల మీదుగా పొడుచుకుంటూ పోవాలి. అయ్యాక కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే చిల్లులు గీత మీద పడ్డాయో పక్కకి జారాయో తెలిసిపోతుంది. ఇంట్లో కాలితో తొక్కే మిషన్ మాత్రమే చూసిన పిల్లకి ఫ్యాక్టరీ మిషన్ అంటే మొదట హడలే. నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేయగలిగే మోటారు అది, పెడల్ మీద కాలు ఆనిందో లేదో ఉరుకుతుంది. కల్యాణసింగుపురం అవతల నుంచి వచ్చిన ఒక పిల్ల చెప్పులు విప్పేసి ఉత్తి కాలితో తొక్కేది. ఎంత నొక్కుతున్నానో చెప్పులుంటే తెలియడం లేదు మేడమ్ అంది. ఆ బ్యాచ్‌లో గుండ్రం గీత అందరికంటే ముందు ఆ పిల్లకే కుదిరింది. ఊళ్లో విస్తరాకులు కుట్టిన చేతులు, నాట్లు వేసిన చేతులు మనవాళ్లవి. చేతి వాటం కొత్తగా నేర్పక్కర్లేదు, భయం పోగొడితే చాలు.

ఇక ఫ్యాక్టరీ రోజు ఎలా ఉంటుందంటే, హాస్టల్లో ఐదుకే లేవాలి, లేదంటే బాత్రూం దగ్గర క్యూలో ఇరుక్కుపోతారు. టిఫిన్ తిని, డబ్బా పట్టుకుని బస్సెక్కాలి. గేటు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు. లోపల పొడవాటి లైన్లు, ఒక్కో లైన్‌లో ముప్పై నలభై మిషన్లు. ఒక టీషర్ట్ అంతా ఒకరే కుట్టరు. ఒకరు భుజం కలుపుతారు, ఒకరు చెయ్యి ఎక్కిస్తారు, ఒకరు మెడపట్టీ, ఒకరు అంచు మడత. బండిల్ కట్టిన ముక్కలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి జరుగుతుంటాయి. లైన్ మొదట్లో బోర్డు ఉంటుంది, గంటకి ఎన్ని పీసులు రావాలి, ఎన్ని వచ్చాయి అని రాస్తుంటారు. కొత్త పిల్లకి ఆ బోర్డే టెన్షన్. తన దగ్గర పీసులు పోగుపడితే తర్వాత మిషన్ ఖాళీగా ఉంటుంది, సూపర్‌వైజర్ వచ్చి తల మీద నిలబడతాడు. తమిళంలో సీక్రం సీక్రం, అంటే త్వరగా త్వరగా, అని అరుస్తాడు. మన పిల్లలు మొదట నేర్చుకునే తమిళం అదే.

సూది విరగడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్త పిల్లలు ఎక్కువగా ఏడ్చేది దాని దగ్గరే. ఎగుమతి బట్టలు చేసే చోట సూది విరిగితే దాని ముక్కలన్నీ వెతికి తేవాలి. చిన్న పిల్లల బట్టల్లో సూది మొన దాక్కుంటే కొన్నవాళ్లు మొత్తం సరుకే వెనక్కి పంపుతారు. అందుకని ముక్కలన్నీ రిజిస్టర్‌లో టేపు వేసి అతికిస్తారు, సూది ఆకారం పూర్తిగా కుదిరితేనే కొత్త సూది ఇస్తారు. మొన దొరకకపోతే మిషన్ కింద, చెప్పుల్లో, బండిల్‌లో అన్నీ దులపాలి, అయస్కాంతంతో నేలంతా గాలించాలి. ఈలోపు లైన్ ఆగుతుంది, అందరి చూపూ ఆ పిల్ల మీదే. సూది వేలిలో దిగినా కూడా ముందు ముక్క దొరికిందా అని అడిగే సూపర్‌వైజర్లు ఉన్నారు. మిషన్‌కి వేలి గార్డు, కంటికి అడ్డంగా ప్లాస్టిక్ షీల్డు ఉండాలి. పని జోరు కోసం వాటిని విప్పేసే లైన్లు నేను చూశాను. చెల్లెలికి ఒక్క మాట నూరిపొయ్యి: గార్డు లేని మిషన్ మీద కూర్చోనని చెప్పే హక్కు తనకుంది.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. టాయిలెట్‌కి వెళ్తే పీసులు తగ్గుతాయని, అడగడానికి సిగ్గని, చాలామంది పిల్లలు నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రంలో మంట, జ్వరం, నడుము నొప్పి అక్కడి నుంచే మొదలవుతాయి. మన రాయగడ, కొరాపుట్ వైపు పిల్లల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువ. ఆ జబ్బున్న ఒంటికి నీళ్లు తగ్గితే కీళ్లు, ఎముకలు విరిచేసినట్టు నొప్పి వస్తుంది. అక్కడి వాళ్లకి అది అర్థం కాదు, నాటకం ఆడుతోందంటారు. 2023 జూలై 1 నుంచి దేశమంతా సికిల్ సెల్ మిషన్ నడుస్తోంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్ష చేస్తారు. పంపే ముందు ఆ పరీక్ష, రక్తం శాతం పరీక్ష రెండూ చేయించు. కార్డు ఇస్తే ఫోటో తీసి చెల్లెలి ఫోన్‌లో ఉంచు. రక్తం తక్కువగా ఉంటే ఒక బ్యాచ్ ఆగి వెళ్లినా పరవాలేదు.

తిండి గురించి పెద్దగా రాయను. చోడి (రాగి) అంబలి, ఎండుచేప తిన్న నోటికి మూడు పూటలా సాంబారన్నం ఎక్కదు, రెండు నెలలకి అలవాటవుతుంది. ఇంటి నుంచి ఆవకాయ సీసా ఒకటి పంపితే హాస్టల్ గదిలో చెల్లెలికి వారంలో పది మంది స్నేహితులు.

సాయంత్రం షిఫ్టు దిగాక గదిలో ఏం మాట్లాడుకుంటారో మీ ఇళ్లలో ఎవరికీ తెలియదు తమ్ముడూ. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాగున్నాను, తిన్నాను అనే రెండు మాటలే మీకు వినిపిస్తాయి. పై మంచం మీద కాళ్లు చాపుకుని వాళ్లు చెప్పుకునే కబుర్లు వేరే. ఒక పిల్లకి పోలీసు కానిస్టేబుల్ పరీక్ష రాయాలని. ఆదివారం పూట డాబా మీద పరుగు ప్రాక్టీస్ చేసేది. ఇంకో పిల్ల నర్సింగ్‌లో చేరాలని డబ్బు దాస్తోంది, సూది పొడిస్తే నాకు భయం పోయింది కదా అక్కా అంటుంది. బిస్సంకటక్ వైపు పిల్ల ఒకామె ఇంటి పైన రేకులు తీసేసి స్లాబు వేయించాలంటుంది, స్లాబుకి ఎన్ని బస్తాల సిమెంటు కావాలో లెక్కతో సహా చెప్తుంది. కొంతమందికి ఇలాంటివేం ఉండవు, ఓ మంచి ఫోన్, నచ్చిన రంగు గోళ్లకి వేసుకోవడం, ఆదివారం గేట్ పాస్ తీసుకుని మూడు గంటలు బజారులో తిరగడం, రీల్ చేయడం. అదీ చిన్న కోరికేం కాదు. ఊళ్లో కిరాణా కొట్టుకి కూడా తమ్ముణ్ని తోడిచ్చి పంపిన పిల్లలు వాళ్లు. చాలామంది నోట వినిపించే కోరిక ఇంకొకటి ఉంది. పెళ్లి ఇంకో రెండేళ్లు ఆగాలని. సంపాదిస్తున్నంత కాలం ఇంట్లో ఆ మాట ఎత్తరని వాళ్లకి తెలుసు. నీ చెల్లెలు వెళ్తానని పట్టుబట్టడం వెనక ఇదేమైనా ఉందేమో ఓసారి పక్కన కూర్చోబెట్టుకుని అడుగు, అమ్మానాన్నల ముందు కాదు.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ నిదానంగా చదువు.

అప్రెంటిస్ అనే మాటకి చట్టంలో అర్థం ఉంది. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. ఆ చట్టం ప్రకారం అప్రెంటిస్ నేర్చుకునే మనిషి, కార్మికురాలు కాదు. అందుకే కనీస వేతనం, పీఎఫ్ లాంటివి వర్తించవు, జీతం బదులు స్టైపెండ్ ఇస్తారు. కొన్ని కంపెనీలకి అప్రెంటిస్ అంటే మోజు అందుకే. కానీ అదే చట్టం కొన్ని కట్టుబాట్లు కూడా పెట్టింది. అప్రెంటిస్‌కి పీసు లెక్కన డబ్బు ఇవ్వకూడదు, ప్రొడక్షన్ బోనస్ ఆశ చూపి పరిగెత్తించకూడదు. అప్రెంటిస్‌షిప్ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. ఆరోగ్యం, భద్రత విషయంలో కార్మికులకున్న రక్షణలు అప్రెంటిస్‌కీ ఉంటాయి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం కంపెనీదే. ఇవి వాళ్ల దయ కాదు. అప్రెంటిస్ అని రాసుకుని గంటకి ఇన్ని పీసులని రాత్రి ఎనిమిది దాకా కూర్చోబెడుతున్నారంటే అక్కడ నేర్పడం అనేది లేదన్నమాట.

స్టైపెండ్ ఎంతో 2019లో సవరించిన నిబంధనల్లో ఉంది. ఐదు నుంచి తొమ్మిదో తరగతి వాళ్లకి నెలకి 5,000, పది పాసైతే 6,000, ప్లస్ టూ పాసైతే 7,000. ఇవి కనీసం, ఎక్కువ ఇవ్వొచ్చు. రెండో ఏడాది పది శాతం పెరగాలి. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాలు 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది. కాబట్టి సంతకం పెట్టే నాటికి ఏది అమల్లో ఉందో అడుగు, 7,000 కంటే తక్కువ మాత్రం ఒప్పుకోకు. ఒక నెల స్టైపెండ్ తర్వాతి నెల పదో తారీఖులోపు పడాలి. హాస్టల్‌కి, తిండికి, బస్సుకి ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకో. నోటి మాటగా అన్నీ ఫ్రీ అంటారు, మొదటి నెల చూస్తే చేతికి సగమే వస్తుంది. ఎక్కువ గొడవలు ఇక్కడే.

ఒప్పందం నిజమైనదో కాదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పాతిక శాతం, నెలకి 1,500 మించకుండా, ప్రభుత్వం నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. అది రావాలంటే ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యుండాలి. చెల్లెలి పేరు మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఏదని అడుగు. చూపించలేకపోతే అది అప్రెంటిస్‌షిప్ కాదు, మామూలు కూలి పనికి పెట్టిన పేరు. అలాంటప్పుడు పూర్తి కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ అడగాలి.

ఖాతాలో డబ్బు పడకుండా ఆగిపోయే చిక్కు మన తెలుగు ఇళ్లలో ఎక్కువ. ఒడియా బడిలో మార్కుల జాబితా మీద ఇంటిపేరు చివర రాస్తారు, ఆధార్‌లో ముందుంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది. స్పెల్లింగ్ మూడు చోట్లా మూడు రకాలు. కంప్యూటర్‌కి వాళ్లు ముగ్గురు మనుషులు. తిరుపూర్ వెళ్లాక దీన్ని సరిచేయాలంటే సెలవు దొరకదు. వెళ్లకముందే ఆధార్ సేవా కేంద్రంలో, బ్యాంకులో ఒకే తీరుగా దిద్దించు. ఖాతా చెల్లెలి పేరు మీదే ఉండాలి, ఏటీఎం కార్డు చెల్లెలి దగ్గరే ఉండాలి, ఓటీపీ వచ్చే ఫోన్ నంబర్ కూడా తనదే అయ్యుండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. జిరాక్సు చాలు. ఒరిజినల్స్ లాకర్లో పెట్టుకుంటాం అన్నారంటే, మధ్యలో వెళ్లిపోకుండా పట్టి ఉంచడానికే.

తిరుపూర్ వైపు అన్నాడు కదా, బట్టలు కుట్టే యూనిట్టా, నూలు మిల్లా అని గట్టిగా అడుగు. రెండూ వేరు. నూలు మిల్లులో దూది ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రాత్రి షిఫ్టులు ఉంటాయి, అక్కడ నేర్చుకున్న పనితో ఊళ్లో బతుకుతెరువు ఉండదు. కోయంబత్తూరు, తిరుపూర్, దిండిగల్ వైపు మిల్లుల్లో సుమంగళి అని ఒక పద్ధతి నడిచింది. పెళ్లికాని పిల్లల్ని మూడేళ్లు పెట్టుకుని, చివర్లో పెళ్లి ఖర్చుకని ఒకేసారి డబ్బిస్తామనేవాళ్లు. ఒంట్లో బాగోలేకో, భరించలేకో మధ్యలో వచ్చేసిన పిల్లకి ఆ సొమ్ము దక్కేది కాదు. అది బయటపడి చాలా గొడవైంది. పేరు మార్చి ఎవరైనా చివర్లో ఒకేసారి ఇస్తాం అంటే ఆ మాట వినగానే లేచి వచ్చెయ్. పిల్ల డబ్బు ఏ నెలకి ఆ నెల ఆ పిల్ల ఖాతాలో పడాలి.

అమ్మ ఏడుపుకి అసలు కారణం ఇంకొకటి ఉంటుంది, నోరు తెరిచి చెప్పదు. అవును, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2021లో దిండిగల్ జిల్లాలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక యువతి హత్యకి గురైంది. ఆ తర్వాత ఆడవాళ్లే నడిపే టీటీసీయూ అనే కార్మిక సంఘం పట్టుబట్టి, కంపెనీతోను బట్టలు కొనే పెద్ద బ్రాండ్‌తోను 2022లో ఒప్పందం చేయించుకుంది. దాన్నే దిండిగల్ ఒప్పందం అంటున్నారు. వేధింపులు కనిపెట్టి చెప్పడానికి లైన్లలో కుట్టుపని చేసే ఆడవాళ్లకే బాధ్యత ఇచ్చారు. అన్ని చోట్లా అది లేదు. కానీ 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం అన్ని చోట్లా ఉంది, అందులో ఉద్యోగి అంటే ట్రైనీ, అప్రెంటిస్ కూడా అని స్పష్టంగా రాశారు. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి. కమిటీలో ఎవరున్నారో, వాళ్ల ఫోన్ నంబర్ ఏంటో మొదటి వారంలోనే చెల్లెలు కనుక్కోవాలి. 181, 112 నంబర్లు కంఠతా రావాలి, ఎందుకంటే ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉండదు. ఇంటి నుంచి నువ్వు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఏదైనా జరిగితే వచ్చెయ్, ఎందుకు వచ్చావని ఎవరూ అడగరు అని నీ నోటితో ఒకసారి చెప్పు. మా ఇంట్లో తిడతారని నోరు మూసుకుని భరించిన పిల్లల్ని నేను ఎరుగుదును.

తిరుపూర్ ఒక్కటే దారి కూడా కాదు. బొకారో ఎక్స్‌ప్రెస్ రాయగడలో ఎక్కితే తిన్నగా తిరుపూర్‌లో దింపేస్తుంది కాబట్టి ఏజెంట్లకి అది సులువు. మన తెలుగు పిల్లలకి విశాఖ వైపు ఉన్న అచ్యుతాపురం దగ్గరవుతుంది. అక్కడి బ్రాండిక్స్ అపెరల్ సిటీ అనే బట్టల ఫ్యాక్టరీల సెజ్‌లో వేల మంది ఆడవాళ్లు పనిచేస్తారు, ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల వాళ్లే. భాష మనదే. ఒంట్లో బాగోలేకపోతే నువ్వు పొద్దున బయల్దేరి సాయంత్రంలోపు పిల్ల దగ్గర ఉండొచ్చు. అక్కడ అంతా బాగుందని నేనేం అనను. ఆ సెజ్‌లో 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి గ్యాస్ లీకై వందలాది మంది మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. అందుకే ఎక్కడికి పంపినా అత్యవసర ద్వారం ఎక్కడుందో, సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో చెల్లెల్ని అడిగి తెలుసుకుంటూ ఉండు. మన పిల్లలకి ఇంకో లాభం ఉంది. ఒడియా, తెలుగు రెండూ వస్తాయి కాబట్టి ఒడియా మాత్రమే వచ్చిన పిల్లలకీ తెలుగు సూపర్‌వైజర్లకీ మధ్య వీళ్లే మాట అందిస్తారు. అలా మాట అందించిన పిల్ల లైన్ లీడర్ అవడం నేను చూశాను.

చదువు మీద ఆశ ఇంకా ఉంటే ఐటీఐ వైపు కూడా చూడండి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చేసిన ఆడపిల్లలు తక్కువ కానీ ఉన్నారు. ముప్పై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి సంస్థా తన మనుషుల్లో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని పెట్టుకోవాలని నిబంధన. మన జిల్లాలోనే జేకేపూర్ కాగితం మిల్లు ఉంది, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ ఉంది. కాస్త దూరంలో సునాబెడలో విమాన ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్, దమన్‌జోడిలో అల్యూమినా చేసే నాల్కో కూడా ఐటీఐ చదివిన వాళ్లని అప్రెంటిస్‌గా తీసుకుంటాయి. బట్టల ఫ్యాక్టరీ వాళ్లు ఊళ్లోకి వచ్చి పిలుస్తారు, వీళ్లు పిలవరు, మనమే ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకే మన ఆడపిల్లలకి ఆ దారి ఉందనే తెలియదు.

వెళ్లాక, నెల నెలా నువ్వు అడగాల్సిన ప్రశ్న ఎంత పడింది అని కాదు తమ్ముడూ, ఈ నెల ఏ మిషన్ మీద కూర్చున్నావు అని అడుగు. ఏడాదంతా టీషర్ట్ అంచు ఒక్కటే మడిచిన పిల్లకి ఏడాది తర్వాత కూడా అంచు మడవడమే వస్తుంది. మామూలు కుట్టు వేసే సింగిల్ నీడిల్ మిషన్ నుంచి గుడ్డ అంచు పీచు రాకుండా కుట్టే ఓవర్‌లాక్‌కి, అక్కడి నుంచి ఫ్లాట్‌లాక్‌కి, వీలైతే కటింగ్ టేబుల్ దగ్గరికి, క్వాలిటీ చెకింగ్‌కి మార్చారంటే నేర్పుతున్నట్టు. నాలుగు మిషన్లు వచ్చిన పిల్ల ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా జీతం మాట్లాడుకోగలదు. అప్రెంటిస్‌షిప్ అయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కాబట్టి చేతిలో పని, చేతిలో సర్టిఫికెట్ రెండూ ఉండాలి. ఆఖరి పరీక్ష రాయకుండా పండక్కని ఇంటికి వచ్చేసిన పిల్లలు సర్టిఫికెట్ లేకుండా మిగిలిపోతున్నారు. సంక్రాంతికైనా రథయాత్రకైనా పరీక్ష తేదీ చూసుకుని టికెట్ తియ్యి.

మన ఇంట్లో ఉండే తేడా అన్నానే, అది ఇదే. స్టైపెండ్ పడిన రోజే ఫోన్ చేసి పంపమనే ఇళ్లు ఎక్కువ. ఫైనాన్స్ బండి వాయిదా, తమ్ముడి ఫీజు, నాన్న మందులు. అవసరాలు నిజమే, కాదనను. కానీ ఏడు వేలలో ఏడు వేలూ ఇంటికే వస్తే, అప్రెంటిస్‌షిప్ అయిపోయిన నాడు ఆ పిల్ల వెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగొస్తుంది, నడుము నొప్పి ఒకటి ఎక్కువ. నేనైతే ఇంట్లో కూర్చుని ముందే మాట అనుకోమంటాను. ఇంటికి ఇంత, ఆ పిల్ల పేరు మీద పోస్టాఫీసు ఆర్డీలో ఇంత, చేతి ఖర్చుకి ఇంత. ఆర్డీ సొమ్ము జోలికి ఎవరూ వెళ్లకూడదు, పెళ్లి పేరు చెప్పి కూడా.

గుడారి వైపు ఒక పిల్ల అలా దాచుకున్న డబ్బుతో పాత ఓవర్‌లాక్ మిషన్ ఒకటి, మోటారు మిషన్ ఒకటి కొంది. ఇప్పుడు జాకెట్లు, బడి యూనిఫాంలు కుడుతోంది, పెళ్లిళ్ల సీజన్‌లో ఇద్దరు పిల్లల్ని పనికి పెట్టుకుంటుంది. సొంతంగా కుట్టుపని పెట్టుకుంటే సాయానికి దారులున్నాయి. 2023 సెప్టెంబర్ 17న వచ్చిన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో దర్జీ పని ఉంది, పనిముట్లకి 15,000 ఇస్తారు, మొదటి విడతగా లక్ష దాకా ఐదు శాతం వడ్డీకి అప్పు ఇస్తారు, అయితే ఇంటికి ఒక్కరికే. మన రాష్ట్రంలో 21 నిండిన ఆడవాళ్లకి, అర్హత ఉంటే, సుభద్ర అనే పథకం కింద ఏడాదికి 10,000 వస్తుంది. చెల్లెలికి ఆ వయసు రాగానే దరఖాస్తు పెట్టించు.

శిక్షణ కేంద్రం వాళ్లు ఒప్పందం కాగితం ఇచ్చాక సంతకం పెట్టించకుండా ఒక రోజు ఆపు. పేరు, ఆధార్ నంబర్, ఫోన్ నంబర్ కనిపించకుండా కప్పి ఫోటో తీసి ఇక్కడే పెట్టు. ట్రేడ్ పేరు, ఎన్ని నెలలు, స్టైపెండ్ ఎంత, కోతలు ఏంటి, రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా లేదా అని చూసి చెప్తాను. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, చెల్లెలికి అర్థమయ్యేలా తెలుగులో ఒక్కో వాక్యం రాసిస్తాను. సంతకం పెట్టేది తను కాబట్టి నీతో పాటు తననీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించు.